అప్పిచ్చినవాడు గుమ్మం దాటకూడదు

ద్వితీయోపదేశకాండంలో మనలో చాలామంది చదివి దాటేసే రెండు చిన్న ఆజ్ఞలున్నాయి. అప్పుకు హామీగా ఎవరి తిరగలినీ, చివరికి దాని పైరాతిని కూడా తాకట్టు పట్టకూడదన్నది మొదటిది (24:6). తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు ఆ ఇంట్లో కాలు పెట్టకూడదు, బయటే నిలబడాలి, అప్పు తీసుకున్న మనిషే దాన్ని తెచ్చి అతని చేతికివ్వాలన్నది రెండోది (24:10,11). అప్పు ఇవ్వవద్దని మోషే అనలేదు. తాకట్టు తీసుకోవద్దనీ అనలేదు. కానీ ఒక మనిషి రేపటి తిండి సంపాదించుకునే పనిముట్టును ముట్టుకోవద్దన్నాడు, అతని గుమ్మం దగ్గర ఆగమన్నాడు. వ్యాపారానికి చోటిచ్చి, ఆ చోటుకు హద్దు గీసిన ధర్మశాస్త్రమిది.

ఈ రెండు ఆజ్ఞలూ నేను సెమినరీలో చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. కానీ అవి నాకు అర్థమైంది మాత్రం 2009లో, మా చర్చి వసారాలో.

అప్పుడు నేను విజయనగరం జిల్లాలో ఒక పల్లె సంఘానికి కాపరిని. ఒక సూక్ష్మరుణ కంపెనీ వాళ్లు వచ్చి, ప్రతి మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఆడవాళ్ల సమావేశం పెట్టుకోవడానికి వసారా ఇమ్మని అడిగారు. సంతోషంగా ఇచ్చాను. చాపలు కూడా వేయించాను. ఐదుగురేసి బృందాలుగా కూర్చున్న మా సంఘ స్త్రీలను చూస్తే నాకు గర్వంగా ఉండేది. వాళ్లలో ఎండుచేపలు అమ్ముకునే ఒక సోదరి ఉంది. అప్పటివరకు ఆమె షావుకారు దగ్గర సరుకు అరువుకు తెచ్చి, ఆయన చెప్పిన ధరకే లెక్క కట్టేది. కంపెనీ ఇచ్చిన 8,000 రూపాయలతో పూసపాటిరేగ వైపు తీరానికి తానే వెళ్లి, నగదు ఇచ్చి, బేరమాడి సరుకు తెచ్చుకుంది. ఆ ఏడాది ఆమె ఇంటికి రేకుల కప్పు వచ్చింది. కూతురు హైస్కూల్లో చేరింది. కృతజ్ఞత కానుక తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు ఆమె ముఖంలో ఉన్న వెలుగు నాకింకా గుర్తుంది.

తర్వాత రెండో కంపెనీ వచ్చింది, మూడోదీ వచ్చింది. భర్త మంచాన పడ్డాడు. ఒక అప్పు కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు చేసింది. ఒక మంగళవారం ఆమెకు 310 రూపాయలు తక్కువయ్యాయి. వసూలుకు వచ్చిన కుర్రాడు చేయి చేసుకోలేదు, గట్టిగా అరవలేదు కూడా. డబ్బు పూర్తిగా వచ్చేదాకా ఎవరూ లేవకూడదన్నాడు, అంతే. మూడు గంటలు గడిచాయి. పొలం పనికి పోవాల్సినవాళ్లు, పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్లు సహనం కోల్పోయారు. ఆదివారం ఆమెతో కలిసి పాడే స్త్రీలే ఆమె ఇంట్లోకి వెళ్లి, ఆమె తక్కెడనూ చేపల తట్టలనూ పట్టుకొచ్చారు. ఆమె నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, తక్కిడి ఒక్కటీ ఇచ్చీమని సెప్పండి. అదుంటే రేపు సంతకెల్లి కట్టీస్తాను" అంది. సంఘంలో గొడవ ఎందుకులే అని నేను ఊరుకున్నాను. ఆ రోజు నా జేబులో 310 రూపాయలకంటే ఎక్కువే ఉన్నాయి. మళ్లీ ఆదివారం ఆమె చర్చికి రాలేదు. కొన్ని నెలలకు ఆ కుటుంబం చెన్నై వైపు కూలి పనులకు వెళ్లిపోయింది.

ఆమెకు తక్కెడే తిరగలి. దాన్ని తాకట్టు పట్టింది దేవుని మందిరం వసారాలోనే, పట్టినవాళ్లు నా సంఘస్తులే, చూస్తూ ఊరుకున్నది నేనే.

ఈ అనుభవాన్ని చెప్పి, 'చూశారా, పెట్టుబడిదారీ వ్యవస్థ ఎంత దుర్మార్గమో' అని ముగించడం తేలిక. కానీ అది సగం సత్యమే అవుతుంది. ఆమె ఇంటికి రేకులు వేయించిందీ, కూతుర్ని బడికి పంపిందీ కూడా ఆ పెట్టుబడే. పెట్టుబడి అనగానే మన ప్రసంగాల్లో రెండే ధోరణులు కనిపిస్తాయి. ఒకరు ధనాపేక్ష అని కొట్టిపారేస్తారు. మరొకరు సంపదంతా దేవుని దీవెనే అని ఆకాశానికెత్తుతారు. బైబిలు ఈ రెండూ చేయదు.

ముందు మంచిని ఒప్పుకుందాం. ఊళ్లో ఉండాల్సినవాళ్లలో అప్పిచ్చేవాణ్ని మొదట చెప్పాడు మన సుమతీ శతకకారుడు. అందులో అనుభవముంది. విత్తనాల రోజున, జబ్బు రోజున, సంతకు సరుకు కొనాల్సిన రోజున చేతిలో డబ్బు లేనివాడికి ఎంత తెలివీ కష్టపడే గుణమూ ఉన్నా ప్రయోజనం లేదు. బ్యాంకులు పొలం కాగితం అడిగేవి, జామీనుదారుణ్ని అడిగేవి. ఊరి వడ్డీ వ్యాపారి ఏమీ అడగకుండా నెలకు నూటికి ఐదు, అవసరాన్ని బట్టి పది తీసుకునేవాడు. అంటే ఏడాదికి 60 నుంచి 120 శాతం. ఇంతకంటే తక్కువ వడ్డీకి, ఆస్తి తాకట్టు లేకుండా, మనిషి మాటనే హామీగా తీసుకుని కంపెనీలు డబ్బు తెచ్చాయి. ఎక్కడో నగరంలో మదుపు పెట్టినవాడి సొమ్ము ఎండుచేపలమ్మే స్త్రీ చేతికి వచ్చిందంటే, దాన్ని నడిపించింది లాభం ఆశే. దానధర్మాలూ ప్రభుత్వ పథకాలూ చేరని వీధులకు అది చేరింది. పోటీ ఉన్నచోట షావుకారు ధర దిగింది. ఇది చిన్న మేలు కాదు.

బైబిలు కూడా వ్యాపారాన్ని చిన్నచూపు చూడదు. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని గుణవతి పొలం చూసి కొంటుంది, నేసిన బట్టలు అమ్ముతుంది, తన వ్యాపార లాభం ఎంతో తెలిసి ఉంటుంది. ఫిలిప్పీలో పౌలుకు ఆతిథ్యమిచ్చిన లూదియ ఊదారంగు బట్టల వ్యాపారి (అపొ.కా.16:14,15). ప్రవక్తల శిష్యుడి విధవరాలి కథ మరీ ముఖ్యం (2 రాజులు 4:1-7). భర్త చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెకు భిక్ష వేయలేదు, అప్పు ఎగ్గొట్టమనీ చెప్పలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. ఒక కుండలో ఉన్న నూనె ఆమె పెట్టుబడి. ఇరుగుపొరుగు పాత్రలు అరువిచ్చారు. దేవుడు వృద్ధి చేశాడు. ఆమె నూనె అమ్మింది, అప్పు తీర్చింది, మిగిలినదానితో పిల్లలతో బతికింది. కొనేవాళ్లున్న బజారు లేకపోతే ఈ అద్భుతం సగంలోనే ఆగిపోయేది. కానీ ఇందులో ఇంకో మాట కూడా ఉంది. నూనె పోస్తున్నంతసేపూ తలుపు మూసుకోమన్నాడు ప్రవక్త. అప్పులవాడు బయటే ఉన్నాడు. అప్పు తీరాక బతకడానికి కూడా మిగిలింది. అప్పు న్యాయమైనదో కాదో తెలుసుకోవడానికి మనకు ఇంతకంటే మంచి కొలత దొరకదు.

మరి మన దగ్గర ఆ తలుపు ఎలా బద్దలైంది? 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణాలకు దేశంలోనే పెద్ద కేంద్రమైంది. 1992లో నాబార్డ్ మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానంతో, డ్వాక్రా సంఘాలతో మన స్త్రీలు అప్పటికే పొదుపునూ సమయానికి తిరిగి కట్టడాన్నీ నేర్చుకున్నారు. ఆ క్రమశిక్షణ చూసే కంపెనీలు వచ్చాయి. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు, ఇచ్చే షేర్లకంటే 13 రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పేదల అప్పుల్లో అంత లాభం ఉందని మదుపుదారులు నమ్మారు. ఎదుగుదల వేగమే లక్ష్యమైనప్పుడు, తీసుకునేవాళ్లకు తీర్చే శక్తి ఉందో లేదో చూడటం ఆగిపోయింది. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. ఒకరికొకరు అండగా ఉండటానికి పుట్టిన బృందం ఒకరి మీద ఒకరు కాపలా కాసే బృందమైంది. వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు ఆ ఏడాది పత్రికల నిండా వచ్చాయి.

లెక్క విషయంలోనూ దాపరికముంది. 10,000 రూపాయల అప్పుకు 15 శాతం వడ్డీ అనేవారు. వారానికి 230 చొప్పున 50 వారాలు కడితే 11,500 అవుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అసలు ప్రతి వారం తగ్గిపోతూ ఉంటుంది కదా. ఏడాది మొత్తానికి సగటున ఆమె చేతిలో ఉన్నది సుమారు ఐదు వేలే. కాబట్టి నిజమైన వడ్డీ 30 శాతానికి దగ్గర. కొనేవాడికి ధర తెలియని బజారును స్వేచ్ఛా వ్యాపారం అనలేం. అబద్ధపు తూకం దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెబుతుంది (11:1). అబద్ధపు వడ్డీ లెక్క కూడా అబద్ధపు తూకమే.

2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో అది చట్టమైంది. కంపెనీలు నమోదు చేసుకోవాలి, వారం కిస్తీల బదులు నెల కిస్తీలు ఉండాలి, వడ్డీ అసలును మించకూడదు. అన్నిటికంటే నన్ను ఆపేసిన నిబంధన ఒకటుంది. వసూళ్లు అప్పు తీసుకున్నవారి ఇంటి దగ్గర కాకుండా పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో జరగాలి. ఆ చట్టం రాసినవాళ్లు ద్వితీయోపదేశకాండం చదివారో లేదో నాకు తెలియదు గాని, అప్పిచ్చినవాణ్ని మళ్లీ గుమ్మం బయట నిలబెట్టారు.

అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. తిరిగి కట్టడం దాదాపు ఆగిపోయింది. కొత్త అప్పులూ ఆగిపోయాయి. నిజాయితీగా కట్టాలనుకున్నవాళ్లకు కూడా సరుకు కొనడానికి డబ్బు దొరకలేదు. చాలామంది మళ్లీ ఊరి వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కారు. హద్దులేని పెట్టుబడి ఇంటిని కూలుస్తుంది. పెట్టుబడే లేకపోతే ఇల్లు లేవదు. ఈ రెండు పాఠాలనూ మనం రెండేళ్లలోనే నేర్చుకున్నాం. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు కూడా దారి వెతికింది. మాలెగాం కమిటీ నివేదిక తర్వాత 2011లో వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది. 2022లో ఆ రకం పరిమితి తీసేసి, ఒక కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగాన్ని మించకూడదని, అసలు వడ్డీ ఎంతో కాగితం మీద స్పష్టంగా చూపాలని నియమించింది. వేధింపులు మళ్లీ వార్తల్లోకి రావడంతో 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆర్డినెన్సు తెచ్చింది. సంస్కరణ ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన ఉత్తరాంధ్రకు ఈ పాఠం కొత్తది కాదు. ఏజెన్సీలో ఉప్పూ బట్టా అప్పిచ్చి పంటనూ భూమినీ రాయించుకున్న షావుకార్ల కథలు మన పెద్దలకు తెలుసు. ఆ మంటే శ్రీకాకుళం గిరిజన పోరాటమైంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక అది సాయుధ పోరాటంగా మారి, ఎందరో తల్లుల కడుపుకోతతో ముగిసింది. గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో వచ్చిన నిబంధన, 1/70 అని మనం పిలిచేది, అటువంటి గుమ్మమే. సమయానికి హద్దు గీయకపోతే, న్యాయం కోసం కడుపు మండినవాళ్లు ఇంటినే తగలబెట్టే రోజు వస్తుంది. సంస్కరణ అంటే సంపన్నుల మీద కోపం కాదు, అందరి శాంతికీ అదే ఆధారం.

నెహెమ్యా 5వ అధ్యాయం మనకు ఆ దారి చూపిస్తుంది. యెరూషలేము గోడ కడుతున్నవాళ్లు కరువుకూ రాజు పన్నుకూ అప్పులు చేసి పొలాలు తాకట్టు పెట్టారు, పిల్లల్ని బానిసలుగా అప్పగించారు. అప్పిచ్చినవాళ్లు అన్యజనులు కారు, వారి సహోదరులే. నెహెమ్యా కోపపడ్డాడు, కానీ కోపంలోనే మాట్లాడలేదు. ఆలోచించి, సభ పిలిచి, ముఖాముఖి నిలదీశాడు. తానూ, తన బంధువులూ, తన సేవకులూ కూడా అప్పులిచ్చినవాళ్లేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వడ్డీ మానేద్దాం, పొలాలు తిరిగి ఇచ్చేద్దాం అన్నాడు. యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు. సంస్కర్త మొదట తన ఖాతా పుస్తకం తెరిచాడు. మన సంఘాల్లో ఎంతమంది పెద్దలు ఆ పని చేయగలరు? బల్లారాధనలో రొట్టె పంచిన చేతితోనే సోమవారం నూటికి ఐదు లెక్క రాసేవాళ్లు మన మధ్య లేరా?

అయితే వడ్డీ అంతా పాపమేనా అని అడుగుతారు. హెబ్రీలో వడ్డీకి వాడిన 'నెషెక్' అనే మాట 'కాటు' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ధర్మశాస్త్రం ముఖ్యంగా కాపాడింది తిండికి లేక చేయి చాచిన పేదను (నిర్గమ.22:25-27). సంస్కర్త జాన్ కాల్విన్ 16వ శతాబ్దంలో దీన్ని లోతుగా ఆలోచించాడు. అప్పుతో వ్యాపారం చేసి లాభం పొందేవాడి దగ్గర మితమైన వడ్డీ తీసుకోవచ్చుగాని, అవసరంలో ఉన్న పేదవాడి దగ్గర తీసుకోకూడదన్నాడు. సరుకు కొనడానికి ఇచ్చే అప్పు వేరు, ఆసుపత్రికి ఇచ్చే అప్పు వేరు. రెండింటికీ ఒకే వడ్డీ, ఒకే వసూలు పద్ధతి పెట్టినచోటే కాటు మొదలవుతుంది.

మన విశ్వాసంలోని పెద్దలు మాటలతో ఆగలేదు. 1746లో జాన్ వెస్లీ లండన్‌లో 30 పౌండ్ల పైచిలుకు చందా పోగుచేసి, పేదలకు 20 షిల్లింగులకు మించకుండా అప్పిచ్చే నిధి పెట్టాడు. మూడు నెలల్లో వారం వారం తిరిగి కట్టాలి. ఏడాదిన్నరలో 250 మందికి పైగా దానితో బాగుపడ్డారు. వారం కిస్తీ మన దగ్గర పుట్టింది కాదన్నమాట, అందులో తప్పూ లేదు. దాని వెనకున్న మనసే ముఖ్యం. జర్మనీలో రైఫైజన్ అనే భక్తిగల ప్రొటెస్టెంట్ మేయరు 1846-47 కరువులో మొదట రొట్టె పంచాడు. తర్వాత దానం ఒక్కటే చాలదని గ్రహించి, రైతులు తమకు తామే అప్పిచ్చుకునే పరపతి సంఘాలు కట్టాడు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఆ పద్ధతిని అధ్యయనం చేసి 1895, 1897ల్లో నివేదికలిచ్చాడు. రైఫైజన్ లాంటి మనుషులను వెతకండని ఆయన సలహా. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టానికి అదొక పునాది. ఈనాటి మన ఊరి సొసైటీకి ఒక విశ్వాసి చేసిన ప్రయత్నంతో చుట్టరికముంది.

ఈ రోజుల్లో గుమ్మం మారింది. అది ఇప్పుడు మన చేతిలోని సెల్‌ఫోన్. లోన్ యాప్ నిమిషాల్లో డబ్బిస్తుంది, దానికి బదులుగా ఫోన్‌లోని పేర్లూ ఫోటోలూ లాక్కుంటుంది. కిస్తీ తప్పితే మార్చిన ఫోటోలు బంధువులకు పంపే దుర్మార్గాలకు మన తెలుగు యువత ప్రాణాలు బలైపోయాయి. యాప్‌లు రుణగ్రహీత ఫోన్‌లోని పేర్ల జాబితాను, ఫోటోలను తాకకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలిచ్చింది. ఇంట్లోకి వెళ్లవద్దన్న పాత ఆజ్ఞే ఇది, మాటలే కొత్తవి. ఏ యాప్‌కు రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థ వెనక ఉందో చూడకుండా మన పిల్లలు వేలు నొక్కకూడదని ఆదివారం బడిలో చెప్పడం కూడా పరిచర్యే.

సంఘాలకు నా మనవి ఇది. వసారా ఎవరికి ఇస్తున్నామో, అక్కడ ఏం జరుగుతోందో కాపరి తెలుసుకోవాలి. వడ్డీకిచ్చే విశ్వాసులు తమ పుస్తకాలను దేవుని ముందు తెరవాలి. పనిముట్టునూ, పిల్లల చదువునూ, మందుల డబ్బునూ ముట్టుకోమని తీర్మానించుకోవాలి. అప్పు తీసుకునేవాళ్లు మొత్తం ఎంత కట్టాలో రాయించుకుని, ఆ కాగితం ఇంకొకరికి చూపించాకే సంతకం పెట్టాలి. తీర్చగలిగినవాళ్లు తీర్చాలి, ఎగ్గొట్టడం కూడా దొంగతనమే. ప్రతి సంఘం కానుకల్లో కొంత పక్కనపెట్టి, వెస్లీ చేసినట్టు వడ్డీలేని చిన్న నిధి పెట్టుకోవచ్చు. మా సంఘంలో ఇప్పుడు అలాంటిది ఒకటుంది. పెద్దదేమీ కాదు. ఒక కిస్తీ తప్పిన ఇంటికి తక్కెడ కాపాడేంత మాత్రం ఉంది.

ఆ సోదరి ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. ఎలీషా కాలపు విధవరాలి తలుపు మూసి ఉంది గనుక లోపల నూనె పారింది. ఈ సోదరి తలుపు మేము తెరిచాం. దేవుడు పెట్టుబడిని మన ఊళ్ల నుంచి వెళ్లగొట్టమనడం లేదు, గుమ్మం దగ్గర కాపలా ఉండమంటున్నాడు. ఆ కాపలా పనికి నేను ఒక మంగళవారం రాలేదు. మీ ఊళ్లో ఆ రోజు వచ్చినప్పుడు మీరు ఉండండి.